లెక్క తప్పిన పదో రోజు

స్టాక్‌హోమ్‌లో నేను ఊరు చూడ్డానికి బయల్దేరిన శుక్రవారం పొద్దున్నుంచీ వానే. మా భిలాయిలో వానంటే సైకిల్ షెడ్ల రేకులు మోగాలి, రోడ్డు మీద మసి నల్లగా కారి కాలవలో కలవాలి, గంట తిరక్కుండా ఎండ రావాలి. అక్కడి వానకు చప్పుడు లేదు, తొందర లేదు. హోటలు గుమ్మంలో ఒక డబ్బా నిండా గొడుగులు పెట్టారు. ఎవరికి కావాలంటే వాళ్ళు తీసుకుపోయి, మళ్ళీ తెచ్చి పెట్టాలి. కాపలా లేదు. నల్లది ఒకటి తీసుకుని బయటపడ్డాను. విమానం సాయంత్రం నాలుగింటికి.

ఆ పూట నేను అక్కడ ఉండాల్సిన పని లేదు. ఆ మాట ముందే చెప్పేస్తాను. గురువారం రాత్రి విమానంలోనే వచ్చెయ్యొచ్చు. నన్ను పిలిచిన హేతువాదుల సంఘంలో పెద్దావిడ, డెబ్బై ఏళ్ళ మనిషి, నా బావగారు పోయారని తెలిసి టికెట్ మార్పించనా అని తనే అడిగింది. నేనే అక్కర్లేదన్నాను. ఒక్క రోజు ఈ ఊరు చూసి వెళ్తానన్నాను.

పది రోజుల్లో నాలుగు ఊళ్ళు తిరిగి ఉపన్యాసాలివ్వడానికి వెళ్ళాను. నేను భిలాయి స్టీల్ ప్లాంటు ప్రయోగశాలలో ముప్పై ఏళ్ళు ఉక్కు నమూనాలు పరీక్షించి రిటైరైన వాణ్ణి. ఉద్యోగం అది, వ్యసనం వ్యాసాలు. ముహూర్తాల మీద, తిథుల మీద, తద్దినాల మీద రాశాను. మా సెక్టారు తెలుగు సంఘం లైబ్రరీలో ఆదివారాలు చర్చలు జరిగేవి. అక్కడ పంతుళ్ళతో వాదించి పెరిగాను. ఆ నాలుగు ఊళ్ళలోనూ నా ఉపన్యాసం విధవలకు మనం చేసే అవమానం గురించి. అంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. దాని గురించి ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది.

వెళ్ళిన మూడో రోజున బావగారు పోయారు. మా అక్క భర్త. ప్లాంటులోనే చేసి రిటైరై, భిలాయి పక్కనే రిసాలిలో క్వార్టరు కొనుక్కుని ఉంటున్నారు. ఇక్కడ శుక్రవారం తెల్లవారుజామున మూడు గంటలకు ఆసుపత్రిలో గుండె ఆగిపోయింది. మేనకోడలు ఫోన్ చేసింది, తర్వాత అక్క చేతికిచ్చింది. అక్క ఏడవలేదు. రెండే మాటలు అంది.

"తమ్ముడా, నువ్వొచ్చిందాకా నా సేతులు ఎవుల్నీ ముట్టుకోనివ్వను. పదో రోజుకి నువ్వుండాల."

ఏమిటా పదో రోజు అంటే, మా శ్రీకాకుళం వైపు నుంచి ప్లాంటు కోసం వచ్చిన కుటుంబాల్లో ఇప్పటికీ నడుస్తున్న ఒక క్రూరత్వం. మొగుడు పోయిన మనిషిని పదో రోజున చీకటితో లేపుతారు. పసుపు రాసి, పూలు పెట్టి, చేతుల నిండా గాజులు వేసి పెళ్ళికూతురిలా చేస్తారు. ఊళ్ళో అయితే చెరువు గట్టు, ఇక్కడ క్వార్టరు వెనక కొళాయి. అక్కడ కూర్చోబెట్టి గాజులు పగలగొట్టి, బొట్టు తుడిచి, పూలు లాగేస్తారు. తీసేటప్పుడు బాగా తెలియాలని ముందు అలంకరిస్తారన్న మాట. చేసేవాళ్ళు కూడా ఆడవాళ్ళే, అంతకు ముందు ఇదే శిక్ష పడ్డవాళ్ళు. మగవాళ్ళు వాకిట్లో కుర్చీల్లో కూర్చుని టీ తాగుతూ, మాకేం తెలుసు, ఆడవాళ్ళ వ్యవహారం అంటారు. ఎంత సౌకర్యం!

ఆరేళ్ళ కింద నా భార్య పోయింది. పదో రోజున నా ఒంటి మీంచి ఎవరూ ఏమీ తియ్యలేదు. గడియారం తియ్యలేదు, ఉంగరం తియ్యలేదు. బంధువులు కొత్త పంచెలు తెచ్చి పెట్టారు. ఆ రోజు అక్క నా పక్కన కూర్చుని పంచెలు మడతపెడుతూ అంది: "నీకు పెట్టినారు. నాకైతే తీసీసుందురు." నేను అన్నాను: "నేనుండగా ఎవరు తీస్తారు?" ఆ మాట అన్నవాణ్ణి నేనే. నా పుస్తకాలు ఒక్కటి కూడా చదవని మా అక్క ఆ ఒక్క మాటా నమ్మింది.

బావగారి దహనానికి ఎలాగూ అందలేను, పదో రోజుకు అందితే చాలనుకున్నాను. శుక్రవారం పోయారు కాబట్టి శుక్రవారం ఒకటి, వచ్చే ఆదివారం పది. నేను శనివారం మధ్యాహ్నానికి భిలాయిలో ఉంటాను. ఇంకా ఒక రాత్రి మిగిలే ఉంటుంది. వేళ్ళ మీద లెక్కపెట్టాను, ఒకసారి కాదు, రెండుసార్లు.

అయితే ఎవర్నీ అడగలేదు. ప్రయోగశాలలో రెండో నమూనా చూడకుండా ఒక్క కాగితం మీదా సంతకం పెట్టినవాణ్ణి కాను. ఈ ఒక్క విషయంలో మాత్రం అడగడానికి నా నోరు రాలేదు. "పదో రోజు ఎప్పుడు?" అని ఇంటికి ఫోన్ చేసి అడగడమంటే తిథిని ఒప్పుకున్నట్టే అనిపించింది. ఇన్నేళ్ళు రాసి, ఇప్పుడు పంతులు వేసిన లెక్క అడుగుతానా? అదీ నా గర్వం. ఇంట్లో వాళ్ళకూ నా సంగతి తెలుసు కాబట్టి వాళ్ళూ చెప్పలేదు. ఆయనకి ఇలాంటివి చెబితే కోపమొస్తుంది అనుకున్నారు.

అలా శుక్రవారం పొద్దున్న పాత ఊరి సందుల్లో తిరిగాను. రాళ్ళు పరిచిన ఇరుకు సందులు, ఆవపిండి రంగు గోడలు, చూరుల నుంచి ధారగా నీళ్ళు. ఒక పెద్ద చర్చిలోకి వెళ్ళాను. లోపల నలుగురు ముసలివాళ్ళు, మిగిలిందంతా నాలాంటి యాత్రికులే, తడిసిన బూట్లు ఈడ్చుకుంటూ. దేవుడు ఖాళీ చేసి వెళ్ళిన ఇల్లు ఎలా ఉంటుందో చూశానని సంతోషించాను కూడా. బయటికి వచ్చి, ఎదురుగా వస్తున్న ఒకమ్మాయిని ఆపి, నా ఫోన్ ఇచ్చి ఫొటో తీయించుకున్నాను. గొడుగు పట్టుకుని, నవ్వుతూ, వెనక నీళ్ళూ పడవలూ. మా బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. 'ఇక్కడ వాన. సాయంత్రం బయల్దేరి రేపు వస్తున్నాను' అని రాద్దామనుకున్నాను. చలికి వేళ్ళు కొంకర్లు పోయి ఫొటో ఒక్కటే పెట్టి జేబులో వేసుకున్నాను.

తర్వాత పడవ ఎక్కి ఓడ మ్యూజియానికి వెళ్ళాను. ఒకే ఒక్క ఓడకు కట్టిన మ్యూజియం. కొన్ని వందల ఏళ్ళ కింద అక్కడి రాజు కట్టించిన యుద్ధనౌక. మొదటి ప్రయాణంలోనే, ఊరు కనుమరుగు కాకముందే, చిన్న గాలికి ఒరిగి మునిగిపోయింది. ఈ మధ్య కాలంలో నీళ్ళ అడుగు నుంచి తీసి, చీకటి గదిలో నిలబెట్టారు. బొగ్గులా నల్లని కలప, ఒళ్ళంతా చెక్కిన సింహాలు, రాజులు. గోడ మీద రాసిన కథ చదివాను. బయల్దేరకముందే పరీక్ష చేశారట. నావికుల్ని ఈ అంచు నుంచి ఆ అంచుకు పరిగెత్తిస్తే ఓడ ఊగిపోయింది. ఇంకోసారి పరిగెత్తితే మునిగిపోతుందని పరీక్ష ఆపేశారు. ఆ సంగతి రాజుకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

నాకు పండగలా అనిపించింది. అధికారానికి భయపడి నిజం చెప్పనివాళ్ళ మీద ఒక వ్యాసం అప్పుడే తలలో తయారైపోయింది. బల్ల మీద కూర్చుని నోటుబుక్కు తీశాను. నాలుగు వాక్యాలు రాశాను. అవి మంచి వాక్యాలే. అప్పుడు మేనకోడలు ఫోన్ చేసింది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, భిలాయిలోనే పుట్టింది కాబట్టి కంగారుపడితే హిందీ ముందొస్తుంది.

"మావయ్యా, కహా హో? నువ్వింకా అక్కడే ఉన్నావా?"

"సాయంత్రం ఎక్కుతున్నాను. రేపు మధ్యాహ్నానికి వచ్చేస్తా. ఎందుకు?"

"రేపు పొద్దున్నే, మావయ్యా. నాలుగింటికి లేపుతారంట అమ్మని."

"రేపు శనివారం. తొమ్మిదో రోజు."

"పంతులు పదో రోజన్నాడు. మొదటి రోజే చెప్పాడు కదా. నీకు తెలుసనుకున్నాం."

నేను గట్టిగా అరిచాననుకుంటాను, ఓడ చూస్తున్నవాళ్ళు వెనక్కి తిరిగారు. బయటికి వచ్చి, చూరు కింద నిలబడి, పెదబావగారికి ఫోన్ చేశాను. ఆయన బావగారి అన్నయ్య. రైల్వేలో చేసి రిటైరై భిలాయి-3లో ఉంటాడు. పెద్దకర్మ ఆయన చేతుల మీదుగానే జరుగుతోంది కాబట్టి ఆ పూట అక్క ఇంట్లోనే ఉన్నాడు.

"బావగారూ, పదో రోజు ఆదివారం కదా, ఒక రోజు ముందుకెందుకు జరిపారు?"

"జరపడమేటి బావా. తమ్ముడు పోనాది గురువారం."

"శుక్రవారం. తెల్లవారి మూడింటికి. ఆసుపత్రి కాగితం మీద రాసి ఉంది."

"ఆసుపత్రి కాగితం పెన్షన్‌కి పనికొస్తాది. సూర్యోదయం అవకుండా శుక్రవారం ఎక్కణ్ణించొచ్చీసినాది? పంతులు గురువారమనే లెక్క కట్టినాడు."

అప్పుడు నేనేం చేశానో రాయాలి. రాయకపోతే ఈ రాతకు అర్థం లేదు. నేను శాస్త్రం తీశాను. అర్ధరాత్రి దాటితే మర్నాటి లెక్కే కట్టే పద్ధతి కూడా ఉందన్నాను. పంతుల్ని ఇంకోసారి పంచాంగం చూడమన్నాను. చివరికి, శనివారం అలాంటి కార్యానికి మంచిది కాదని కూడా అన్నాను. అది నిజమో కాదో నాకు తెలీదు. నోటికొచ్చింది అన్నాను.

ఫోన్లో నవ్వు వినిపించింది. ఆయన ఒక్కడిదే కాదు, చుట్టూ ఉన్నవాళ్ళది కూడా.

"విన్నారేటి, తిథుల్లేవని పుస్తకం రాసినాయన నాకు తిథి సెప్తన్నాడు."

"బతిమాలుతున్నాను బావగారూ. ఒక్క రోజు ఆపండి."

"ఆదివారం పంతులు దుర్గ్‌లో ఇంకోళ్ళింటికి ఎల్లాల. సుట్టాలందరూ విశాఖపట్నం నుంచి వచ్చీసి కూకున్నారు. నువ్వక్కడ షికారు సేస్తన్నావని సచ్చిపోనోడు ఆగుతాడేటి?"

నాకు జవాబు దొరకనిది ఇంకొకటుంది. ఆయనకు తెలియదు కాబట్టి అనలేదు. మేనకోడలు మొదటిసారి ఫోన్ చేసినప్పుడు నేనున్న చోట టైము రాత్రి పదకొండున్నర దాటింది. అక్కడింకా గురువారమే. నా చేతి గడియారమే గురువారం చూపిస్తుంటే, నేనే మూడున్నర గంటలు కలుపుకుని శుక్రవారం చేసుకున్నాను. పంతులుకు సూర్యుడు కావాలి, నాకు గ్రీనిచ్ కావాలి. ఇద్దరం మనిషి పోయిన గంటను మాకు కావాల్సిన గళ్ళో వేసుకున్నాం.

ఫోన్ అక్కకివ్వమన్నాను. మేనకోడలు లోపలి గదిలోకి తీసుకెళ్ళింది.

"అక్కా, నువ్వు లేవకు. లేపితే లేవనని చెప్పు. చెయ్యి పట్టుకుంటే లాక్కో. నీ ఇష్టం లేకుండా ఎవరూ ఏమీ చెయ్యలేరు."

"పది మంది ఉంటారు తమ్ముడా."

"ఉండనీ."

"ఆళ్ళు పరాయోళ్ళు కాదు. రేపు నాకు జొరమొస్తే గంజి కాసిచ్చీది ఆళ్ళే. నువ్వెదరగా ఉంటే అందును. నువ్వు సూత్తావుంటే ఆళ్ళకీ నోరు రాదు. ఒక్కదాన్నీ నానెలాగ?"

ఆమే మళ్ళీ అంది:

"నీ ఫొటో సూపించినారు. ఇదిగో మీ తమ్ముడు ఊరు సూత్తన్నాడు, నీ గాజుల గురించి ఎవులికి బెంగ అన్నారు. నాను అన్నాను, వత్తాడు, నాకు మాటిచ్చినాడు అన్నాను. ఎప్పుడొత్తాడు అనడిగితే సెప్పలేకపోనాను."

వెక్కిరింపు లేదా గొంతులో. ఉంటే బాగుండును.

తర్వాత భిలాయిలో మా హేతువాద సంఘం వాళ్ళకి ఇద్దరికి ఫోన్ చేశాను. ఒకాయన జాముల్‌లో ఉంటాడు, సభల్లో నాకంటే గట్టిగా మాట్లాడతాడు. "మీరుంటే వేరన్నా, ఇది ఇంటి విషయం కదా, నేనే హోదాలో వెళ్తాను?" అన్నాడు. రెండో ఆయన చట్టం తెలిసినవాడు. "అక్కగారు కంప్లయింటు రాసిస్తారా?" అని అడిగాడు. రాసివ్వదన్నాను. "మరి?" అన్నాడు. నేనూ ఆ మాటే అనుకున్నాను. ఇన్నేళ్ళ ఉద్యమంలో మేం సంపాదించింది ఆ ఒక్క ప్రశ్న.

మళ్ళీ మేనకోడలికి చేశాను. "నువ్వు అమ్మ పక్కనే పడుకో, వదలకు" అన్నాను. "ఠీక్ హై మావయ్యా, నేను చూసుకుంటా" అంది. ఆ పిల్ల గొంతులో ధైర్యం నాదే అనిపించి కాస్త ఊరట పొందాను. ఎంత సులువుగా పొందుతాం మేము ఊరట!

విమానాశ్రయానికి వెళ్ళడానికి ఇంకా గంటన్నర ఉంది. ముందు విమానం ఏదీ లేదు, కౌంటరుకి ఫోన్ చేసి అడిగాను. ఆ గంటన్నరా వానలో నడిచాను. రాజభవనం కనిపించింది. గుర్రపు విగ్రహాలు కనిపించాయి. పిల్లల బళ్ళు తోసుకుంటూ తండ్రులు ఎదురయ్యారు, వానకోట్లు తొడుక్కుని, ఏ తొందరా లేకుండా. ఇంత నెమ్మదైన ఊరు, ఇంత మర్యాదైన ఊరు. ఇక్కడి వాళ్ళు మా బాధకు లేచి నిలబడి చప్పట్లు కొట్టగలరు, ఎందుకంటే ఆ బాధ వాళ్ళ వీధిలో లేదు. నేనూ ఆ వీధిలో లేను ఆ రోజు. గొడుగు తీసుకెళ్ళి మళ్ళీ ఆ డబ్బాలో పెట్టాను. ఆ రోజు నేను సరిగ్గా చేసిన పని అదొక్కటే.

శనివారం పొద్దున్న ఢిల్లీలో దిగి ఫోన్ తెరిస్తే మేనకోడలి మెసేజి ఒకటే ఉంది. 'హో గయా మావయ్యా.' అయిపోయిందని.

రాయపూర్ నుంచి టాక్సీలో రిసాలి చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. క్వార్టరు ముందు షామియానా, కింద బల్లలు, వడ్డన జరుగుతోంది. మేనకోడలు గేటు దగ్గరే నిలబడి ఉంది, కళ్ళు వాచిపోయి.

"నన్ను పాలకి పంపించేసారు మావయ్యా. అయిదు లీటర్లు కావాలి, స్కూటీ నీకే వచ్చు కదా అన్నారు. బూత్ తెరవలేదు. లైన్‌లో నిలబడ్డాను. వచ్చేసరికి నేల మీద ముక్కలు ఊడుస్తున్నారు."

బ్యాగు అక్కడే పడేసి షామియానాలోకి వెళ్ళాను. ఇరవై నిమిషాలు మాట్లాడాను. మనుస్మృతి నుంచి మొదలుపెట్టాను, మా తాతల ఊళ్ళ దాకా వచ్చాను. భర్త చనిపోవడం నేరమా అని అడిగాను. నా భార్య పోతే నాకు పంచెలు పెట్టిన చేతులే కదా ఇవి అని ఒక్కొక్కర్నీ చూపించి అడిగాను. సూర్యోదయం భూమి తిరిగితే అవుతుందని, దానికి మా బావగారి గుండెతో సంబంధం లేదని చెప్పాను. ఎవరూ ఎదురు చెప్పలేదు. ఇద్దరు తలొంచుకున్నారు. ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. వాదనలో నేను గెలిచాను, నా జీవితంలో అంత పూర్తిగా ఎప్పుడూ గెలవలేదు.

పెదబావగారు చివరిదాకా ఓపిగ్గా విని అన్నాడు: "నువ్వన్నాది నిజమే బావా. బూమే తిరుగుతాది. అయితే ఇప్పుడేటి సేద్దాం?"

లోపలికి వెళ్ళాను.

అక్క వెనక గదిలో చాప మీద కూర్చుని ఉంది, చేతులు కొంగులో పెట్టుకుని. నుదుటి మీద తోమి కడిగిన చోటు ఎర్రగా ఉంది. ఎడమ మణికట్టు దగ్గర గాజు గీసుకున్న గీత కొంగు చివర్న కనిపించింది. నన్ను చూసి కాస్త జరిగి చోటిచ్చింది. నేను కూర్చున్నాను. మేనకోడలు బీరువాలోంచి గాజుల డబ్బా తెచ్చి మా ఇద్దరి మధ్యా పెట్టింది.

"వేసుకో అక్కా" అన్నాను.

తల అడ్డంగా ఊపింది.

"ఇక్కడ కాదు. బయటికి రా. అందరి ముందూ నేనే వేస్తాను. తీసినవాళ్ళే చూస్తారు." నా గొంతు నాకే సభలో వినిపించినట్టు వినిపించింది.

ఆమె నా వైపు చూసింది. కోపంగా కాదు. చాలా అలిసిపోయిన మనిషి, ఇంకా ఏదో పని చెప్పినవాడి వైపు చూసినట్టు.

"పొద్దున్న ఆళ్ళు లేపి నలుగురి ముందు కూకోబెట్టినారు. ఇప్పుడు నువ్వు లేపి కూకోబెడతావేటి తమ్ముడా?"

మేనకోడలు డబ్బా మూత పెట్టేసింది.

"ఎప్పుడు తిన్నావో ఏటో" అంది అక్క. "ఎల్లి తిను. ఎల్లు."

కర్మ భోజనాలకు నేను ఇరవై ఏళ్ళుగా కూర్చోలేదు. తల్లిదండ్రులవి కూడా తినలేదు. దాని మీద రాసిన వ్యాసం చాలామందికి నచ్చింది. ఆ రోజు బయటికి వచ్చి, బల్ల చివర ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చున్నాను. పెదబావగారే వచ్చి నా ఆకులో గారెలు వేశాడు, పక్కన పులుసు వేశాడు, ఇంకో గారె వెయ్యమంటావా అని మర్యాదగా అడిగాడు. వెయ్యమన్నాను. ఆకలిగా ఉంది. తిన్నాను.